నర్సింగ్ పాసయ్యారా? రెజ్యూమె, కవర్ లెటర్ ఇలా సరిచేసుకోండి

చంపాపేట్ మెయిన్ రోడ్డు మీద ఏ జిరాక్స్ షాపుకైనా వెళ్లి "రెజ్యూమె కావాలి" అనండి. కంప్యూటర్‌లో ఉన్న పాత ఫైలే తెరిచి, పేరు, ఫోన్ నంబరు మార్చి ప్రింటు చేతిలో పెడతారు. పైన 'కెరీర్ ఆబ్జెక్టివ్', కింద తండ్రి పేరు, మతం, పెళ్లయిందా లేదా, హాబీలు. బీకాం అయ్యాక నేను తిప్పిందీ అలాంటి కాగితమే. ఆఫీసు ఉద్యోగాలకు ఎలాగో నడిచిపోతుందేమో గానీ, నర్సు ఉద్యోగానికి అది పనికిరాదు.

ఆస్పత్రి వాళ్లకు ముందు కావాల్సింది రిజిస్ట్రేషన్. నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ అయినా, మూడేళ్ల జీఎన్ఎం అయినా రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదైతేనే నర్సుగా పని చేయాలి. కాబట్టి పేరు, ఫోన్ నంబరు కిందనే తెలంగాణ నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు రాయండి. ఇంకా రాలేదా? 'దరఖాస్తు చేశాను, ఫలానా తేదీ' అని రాయండి. ఖాళీగా మాత్రం వదలొద్దు.

పేరు దగ్గర మన ఇళ్లలో ఒక చిక్కు ఉంది. టెన్త్ మెమోలో 'ఎండీ' అని పొట్టిగా ఉంటుంది, ఆధార్‌లో 'మొహమ్మద్' అని పూర్తిగా ఉంటుంది. అమ్మాయిలకైతే ఒకచోట బేగం, ఇంకోచోట సుల్తానా, పెళ్లయ్యాక మరొకటి. ఇక్కడ ఉద్యోగానికి సర్దుకుపోవచ్చు. గల్ఫ్‌కి వెళ్లాలనుకుంటే అదే అడ్డం పడుతుంది. అక్కడి లైసెన్సు కోసం డేటాఫ్లో అనే సంస్థ మీ డిగ్రీ, రిజిస్ట్రేషన్, అనుభవం నిజమా కాదా అని ఇచ్చిన చోటే నేరుగా అడిగి తేల్చుకుంటుంది. పాస్‌పోర్టులో ఒక పేరు, సర్టిఫికెట్లో ఇంకో పేరు ఉంటే పని ఆగుతుంది. రెజ్యూమెలో టెన్త్ మెమో స్పెల్లింగే వాడండి, మిగతా కాగితాలు ఇప్పుడే సరిచేయించుకోండి.

"అనుభవం లేదు కదా, ఏం రాయాలి?" అని ఫ్రెషర్లు అడుగుతారు. నాలుగేళ్లు వార్డుల్లో తిరిగిన మనిషికి అనుభవం లేకపోవడమేంటి? క్లినికల్ పోస్టింగులే మీ అనుభవం. ఉస్మానియా, నీలోఫర్, నల్లకుంట ఫీవర్ హాస్పిటల్, ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ... ఎక్కడెక్కడ చేశారో ఆస్పత్రి పేరు, వార్డు, ఎన్ని వారాలు, ఏం చేశారు అని వరుసగా రాయండి. 'రోగులను బాగా చూసుకున్నాను' అంటే ఎవరికీ ఏమీ తెలియదు. 'పిల్లల వార్డు, 4 వారాలు; సిస్టర్ పర్యవేక్షణలో ఐవీ క్యానులా పెట్టడం, ఇన్‌టేక్-అవుట్‌పుట్ చార్టు రాయడం' అంటే తెలుస్తుంది. కాలేజీ లాగ్ బుక్ తీసి చూడండి, అన్నీ అందులోనే ఉంటాయి. ఒక్క జాగ్రత్త: మీరు చేసినవి వేరు, పక్కన నిలబడి చూసినవి వేరు. వెంటిలేటర్ రోగిని చూశానని రాయొచ్చు, వెంటిలేటర్ నడిపానని రాయొద్దు. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు. అంతకన్నా పెద్ద సమస్య, మీ మాట నమ్మి మిమ్మల్ని ఐసీయూలో వేస్తే నష్టపోయేది రోగి.

బీఎల్ఎస్ శిక్షణ ఉంటే తేదీతో సహా రాయండి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కార్డుకు రెండేళ్లే గడువు.

భాషలను చాలామంది చివర్లో మొక్కుబడిగా పడేస్తారు. సంతోష్‌నగర్‌లో ఒవైసీ హాస్పిటల్, కంచన్‌బాగ్‌లో అపోలో డీఆర్‌డీవో, ఎల్బీనగర్‌లో కామినేని... మన చుట్టూ ఉన్న ఆస్పత్రులకు ఉర్దూ మాట్లాడే పేషెంట్లూ వస్తారు, నల్గొండ వైపు నుంచి తెలుగు తప్ప రాని పెద్దవాళ్లూ వస్తారు. నొప్పి ఎక్కడుందో, ఎప్పటి నుంచి ఉందో రెండు భాషల్లోనూ అడగగలిగే నర్సు దొరికితే వార్డుకు అదృష్టమే. ఏ భాష మాట్లాడగలరు, ఏది చదవగలరు, ఏది రాయగలరు అని విడివిడిగా చూపించండి.

మతం, తండ్రి ఉద్యోగం, హాబీలు తీసేయండి. ఒక పేజీ చాలు.

కవర్ లెటర్ అంటే రెజ్యూమెను మళ్లీ వాక్యాల్లో రాయడం కాదు. పది పన్నెండు లైన్లు, అంతే. ఏ పోస్టు, ఏ విభాగం, ప్రకటన ఎక్కడ చూశారో మొదట చెప్పండి. తర్వాత పోస్టింగుల్లో జరిగిన ఒక్క సంగతి, మీరు ఏం గమనించారు, ఎవరికి చెప్పారు అన్నది రాయండి. రోగి పేరు మాత్రం రాయకూడదు. చివర్లో ఎప్పటి నుంచి చేరగలరో, నైట్ డ్యూటీకి సిద్ధమో కాదో. 'రెస్పెక్టెడ్ సర్' అని మొదలుపెట్టేముందు నర్సింగ్ సూపరింటెండెంట్ ఎవరో రిసెప్షన్‌లో ఫోన్ చేసి కనుక్కోండి. చాలాసార్లు అక్కడుండేది మేడమే. ఒకే లెటర్ పది ఆస్పత్రులకు పంపేటప్పుడు పాత ఆస్పత్రి పేరు అలాగే ఉండిపోవడం కూడా మామూలే, చూసుకోండి.

హిజాబ్ సంగతి లెటర్‌లో రాయాలా అని కొందరు చెల్లెళ్లు అడుగుతున్నారు. నా అభిప్రాయం, అక్కర్లేదు. ఇంటర్వ్యూలో యూనిఫాం నియమం ఏమిటని మీరే సూటిగా అడగండి. చేరాక గొడవపడటం కన్నా ముందే తెలియడం నయం.

ప్రభుత్వ ఉద్యోగానికి ఈ కాగితాలతో పని లేదు. అక్కడ నియామకాలు మెడికల్ అండ్ హెల్త్ సర్వీసెస్ రిక్రూట్‌మెంట్ బోర్డు ద్వారా జరుగుతాయి. 2024 సెప్టెంబర్‌లో 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు రాత పరీక్షకు 80 మార్కులు, ప్రభుత్వ ఆస్పత్రుల్లో కాంట్రాక్ట్, ఔట్‌సోర్సింగ్ సేవకు 20 మార్కులు పెట్టారు. అలా ఎక్కడైనా పని చేసి ఉంటే సర్వీస్ సర్టిఫికెట్ ఇప్పుడే తీసుకోండి.

విదేశాలకు అయితే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో పేరు నమోదు చేసుకోవచ్చు. ప్రైవేటు ఏజెంటు దగ్గరికి వెళ్తే అతని లైసెన్సు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూడండి. రెజ్యూమెతో పాటు కాపీలు మాత్రమే ఇవ్వండి. ఇక్కడి ఆస్పత్రి అయినా, ఏజెంటు అయినా ఒరిజినల్స్ మా దగ్గరే ఉంచాలంటే, ఎందుకు, ఎన్నాళ్లు, తిరిగి ఎప్పుడిస్తారు అని సంతకం పెట్టకముందే అడగండి.