ప్లాట్‌ఫారం మీది పెద్దదిక్కు

మనిషి పోతే తేదీ ఉంటుంది, పదకొండో రోజు ఉంటుంది, నలుగురు కూర్చుని తలుచుకునే వేళ ఉంటుంది. ఆపదలో ఉన్న పిల్లల ఫోన్ సేవ చైల్డ్‌లైన్‌కి అవేవీ దక్కలేదు. 1098 నంబరు ఇవాళ్టికీ మోగుతుంది. అవతల ఎవరో ఒకరు ఎత్తుతారు. స్టేషన్ల గోడల మీద, బడి పుస్తకాల అట్టల మీద ఆ నాలుగు అంకెలూ అలాగే ఉన్నాయి. కాబట్టి పోయిందంటే నమ్మేవాళ్లు తక్కువ. ఆ నంబరు మోగగానే చెప్పులేసుకుని బయల్దేరే మనుషులు పోయారు. ఇరవై ఏడేళ్ల పాటు వందలాది స్వచ్ఛంద సంస్థలు కలిసి నడిపిన ఆ ఏర్పాటును 2023లో విడతలవారీగా విప్పేశారు. మొదటి విడత జాబితాలోనే ఆంధ్రప్రదేశ్ ఉంది.

దాని పుట్టుక ముంబైలో. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లో పాఠాలు చెప్పే జెరూ బిలిమోరియా 1990ల మొదట్లో రాత్రి షెల్టర్లకూ రైల్వే స్టేషన్లకూ వెళ్లి వీధిపిల్లలతో కూర్చునేవారు. అవసరమొస్తే ఫోన్ చెయ్యమని తన నంబరు ఇచ్చారు. ఇక ఆ ఫోను వేళాపాళా లేకుండా మోగడం మొదలైంది. ఒకడికి దెబ్బ తగిలింది, పెద్దవాళ్లెవరూ వెంట లేరని ఆసుపత్రిలో చూడటం లేదు. ఇంకొకణ్ణి పోలీసులు పట్టుకెళ్లారు. మరొకడికి ఏమీ కాలేదు, భయమేసింది, మాట్లాడాలనిపించింది. ఒక్క మనిషి ఫోనుతో తెమిలే పని కాదది. 1996 జూన్‌లో చైల్డ్‌లైన్ మొదలైంది. పైసా వెయ్యక్కర్లేని నంబరు. అక్షరం రాని పిల్లలకూ గుర్తుండేలా పది, తొమ్మిది, ఎనిమిది అని వెనక్కి లెక్కపెట్టుకుంటే చాలు.

మొదట్లో ఆ ఫోన్లు ఎత్తినవాళ్లలో వీధుల్లో పెరిగిన కుర్రాళ్లే ఉన్నారు. నా దృష్టిలో ఈ కథ మొత్తానికీ గుండెకాయ అదే. ఫోన్ చేసిన పిల్లవాడు అబద్ధం చెబితే ఎందుకు చెబుతున్నాడో వాళ్లకి తెలుసు, ఎక్కడ దాక్కుని ఉంటాడో తెలుసు. సలహా చెప్పి పెట్టెయ్యడానికి వీల్లేదన్నది వాళ్ల నియమం. మనిషి వెళ్లాలి, గంటలోపు పిల్లవాడి దగ్గరికి చేరాలి. ఆటో దొరికితే ఆటో, లేకపోతే నడక.

కొత్తగా పెద్ద భవనం కట్టలేదు, కొత్త సంస్థను ఊరూరా నాటలేదు. ఏ నగరంలో ఎవరు అప్పటికే పిల్లలకి అన్నం పెడుతున్నారో, ఎవరు నీడ ఇస్తున్నారో వాళ్లనే కలుపుకున్నారు. సామాజిక సేవ నేర్పే కాలేజీ ఒకటి వెనకుండి చూసుకునేది. షెల్టర్ నడిపే సంస్థ ఫోను చూసుకునేది. డబ్బు కేంద్ర ప్రభుత్వానిది, టెలిఫోన్ లైను టెలికం శాఖది, చేతులు ఊరివాళ్లవి. 1999లో వీటన్నిటినీ ఒక తాటి మీద నడిపించడానికి చైల్డ్‌లైన్ ఇండియా ఫౌండేషన్ ఏర్పడింది. ఢిల్లీ, హైదరాబాద్, చెన్నై, కోల్‌కతా... చివరి రోజుల నాటికి 560కి పైగా జిల్లాలు, 130కి పైగా రైల్వే స్టేషన్లు. పొయ్యిలు వేరైనా ఇంటిపేరు ఒక్కటే అయిన ఉమ్మడి కుటుంబంలా ఉండేది ఆ అల్లిక.

మన వైపు ఈ పని ఎలా ఉండేదో తెలియాలంటే విజయవాడ స్టేషన్‌ను తలుచుకోవాలి. చెన్నై, హౌరా, ఢిల్లీ, హైదరాబాద్ దారులన్నీ కలిసే జంక్షన్. ఇల్లు విడిచిన పిల్లలు ఎక్కడో ఒకచోట దిగాలి కదా, అక్కడ దిగేవారు. తండ్రి తాగొచ్చి కొట్టాడని, పదో తరగతి తప్పామని, హాస్టల్లో ఉండలేకపోయామని, సినిమాల్లో చేరుదామని, ఏ కారణమూ లేకుండా స్నేహితుడు రమ్మన్నాడని. వాళ్లని పోల్చుకోవడం ఒక విద్య. చేతిలో సంచీ ఉండదు. రైలు వస్తోందని మైకులో చెప్పినా తల తిప్పరు. కుళాయి దగ్గరా టీ స్టాల్ దగ్గరా తచ్చాడతారు. "ఇంట్లోంచి పారిపోయొచ్చావా?" అని అడిగితే ఆ పిల్లవాడు మళ్లీ కనపడడు. "ఏమైనా తిన్నావా?" అని అడగాలి. తిన్నాక పేరు చెబుతాడు, అది చాలాసార్లు దొంగపేరే. ఊరు కూడా దొంగదే. కానీ మాట దాచుకోలేడు కదా. "పోతాండా" అన్నవాణ్ణి కడప వైపువాడనీ, "ఎల్తన్నాను" అన్నవాణ్ణి గోదావరి దాటినవాడనీ పోల్చుకుని, "మీ వైపు వానలు పడ్డాయా తమ్ముడూ?" అని మొదలుపెట్టే అక్క ఒకావిడ ఉంటే సగం కేసు తేలిపోయినట్టే.

తర్వాతిదంతా కాగితం పని. ఇరవై నాలుగు గంటల్లో బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి, అది చట్టం. పోలీస్ స్టేషన్‌లో ఎంట్రీ, ఆసుపత్రిలో పరీక్ష, షెల్టర్‌లో పడక, ఇంటికి కబురు. తల్లిదండ్రులొచ్చి ఏడ్చి పట్టుకెళ్లాక కూడా ఊరుకోకూడదు. కొన్నాళ్లకి ఫోన్ చేసి, వీలైతే వెళ్లి చూసి రావాలి. పారిపోయినవాడు ఒకసారితో ఆగడు. ఆ ఇంట్లో మారనిది ఏదో మారేదాకా స్టేషన్ దారి వాడికి గుర్తుంటుంది.

నెలకోసారి ఓపెన్ హౌస్ అని పెట్టేవారు. పిల్లల్ని కూర్చోబెట్టి మీకేం బాధ, మేం చేసేదాంట్లో ఏం బాలేదు అని అడగడం. ఒక పథకం తన లబ్ధిదారుల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని తిట్టించుకోవడం మన దేశంలో ఇంకెక్కడైనా ఉందా? పిల్లలు మొహమాటం లేకుండా చెప్పేవారు. ఫోన్ చేస్తే ఆలస్యంగా వచ్చారు, పలానా బూత్ వాడు ఫోన్ ముట్టుకోనివ్వడు, పలానా పోలీసు కొడతాడు.

ఇంకో సంగతి. 1098కి వచ్చే కాల్స్‌లో మాటల్లేనివి చాలా ఉండేవి. చేస్తారు, పలకరు. పెట్టెయ్యొద్దని శిక్షణలో నేర్పేవారు. అవతల ఊపిరి వినబడుతుంటే, లేదా అదీ వినబడకపోయినా, "నేనున్నాను, నీకు ఎప్పుడు చెప్పాలనిపిస్తే అప్పుడే చెప్పు" అంటూ ఉండాలి. ఆకతాయి ఫోనేమో అనే అనుమానంతోనే ఓపిక పట్టాలి. కొన్ని కాల్స్ నాలుగోసారికో అయిదోసారికో నోరు విప్పేవి.

పల్లెల్లో పని వేరు. మాఘమాసం, ఫాల్గుణం, వైశాఖం వస్తే వాళ్లకి నిద్ర ఉండేది కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత లెక్కల్లో, ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల ఆడవాళ్లలో పద్దెనిమిది నిండకుండా పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. ముహూర్తానికి ముందు రోజు రాత్రి ఎవరో ఫోన్ చేస్తారు. క్లాస్‌మేటో, టీచరో, ఒక్కోసారి ఆ పిల్లే. తెల్లవారేలోపు తహసీల్దారునీ, ఎస్ఐనీ, ఐసీడీఎస్ సూపర్‌వైజర్‌నీ లేపి బయల్దేరదీయాలి. పందిరి కింద బంధువుల మధ్య నిలబడి "పెళ్లి ఆపండి" అనాలి. "మా పిల్ల, మా ఇష్టం, మీరెవరు?" అన్న మాట పడాలి. అప్పు తెచ్చి బియ్యం దించిన తండ్రి కళ్లలోకి చూడాలి. అధికారులు పంచనామా రాసుకుని జీపెక్కి వెళ్లిపోతారు. ఆ పిల్ల మళ్లీ బడికి వెళ్తోందా, వేరే ఊరు తీసుకెళ్లి గుట్టుగా చేసేశారా అని చూసుకోవాల్సింది మళ్లీ వీళ్లే.

ఇదంతా స్వర్ణయుగమని చెప్పను. బోర్డు తప్ప పని లేని చోట్లున్నాయి. ఇచ్చే గౌరవ వేతనం తక్కువ. అదైనా కేంద్రం నుంచి నిధులు ఆలస్యమైతే నెలల తరబడి అందేది కాదు. పని నేర్చుకున్నవాళ్లు పెళ్లిళ్లయ్యాకో పిల్లలు పుట్టాకో మానేసి ప్రైవేటు స్కూళ్లలో చేరేవారు. సంస్థకీ సంస్థకీ నాణ్యతలో ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. ఇవి లోపాలే. కానీ కూలిపోవడానికి ఇవి కారణం కాలేదు.

పగులు మొదట పడింది వేరేచోట. తొలిరోజుల్లో విజయవాడలో 1098 నొక్కితే విజయవాడలోనే మోగేది. కాల్స్ పెరిగాక, సెల్‌ఫోన్లు వచ్చాక, 2010 తర్వాత వాటిని కొన్ని పెద్ద నగరాల కేంద్రాలకు మళ్లించారు. మన కాల్స్ చెన్నైకి వెళ్లేవి. అక్కడ తెలుగు తెలిసినవాళ్లే ఎత్తేవారు, రాసుకుని ఇక్కడి టీమ్‌కి పంపేవారు. రికార్డు చక్కగా ఉండేది, లెక్కలు పక్కాగా తేలేవి. కానీ "బెంజి సర్కిల్ దగ్గర ఉన్నా" అని పిల్లవాడంటే, ఆ సర్కిల్ ఎలా ఉంటుందో ఎత్తిన మనిషికి తెలియదు. వినే చెవికీ నడిచే కాలికీ మధ్య మొదటిసారి దూరం వచ్చింది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఈ అల్లిక తన ఆఖరి పెద్ద పరీక్ష రాసింది. 20వ తేదీ నుంచి 31 దాకా హింస నుంచీ వేధింపుల నుంచీ కాపాడమని వచ్చిన కాల్సే 92 వేలు. బడి మూతపడింది, వీధి మూతపడింది, కొట్టేవాడితో పాటే పిల్లలు గదిలో ఉండిపోయారు. రోడ్ల మీద పోలీసులు తప్ప ఎవరూ లేని ఆ రోజుల్లో పాసులు తీసుకుని తిరిగినవాళ్లలో చైల్డ్‌లైన్ వాళ్లూ ఉన్నారు. మరుసటి ఏడాదే, 1098ని అత్యవసర నంబరు 112తో కలపాలన్న ఆలోచన ఢిల్లీలో బయటికొచ్చింది. 2022లో కేంద్రం పిల్లల రక్షణ పథకమైన మిషన్ వాత్సల్యకు మార్గదర్శకాలు వచ్చాయి. ఇకపై హెల్ప్‌లైన్‌ను రాష్ట్రాలే, జిల్లా బాలల సంరక్షణ యూనిట్లే నడుపుతాయని అందులో రాశారు.

ప్రభుత్వం చెప్పిన కారణాల్ని కొట్టిపారెయ్యలేం. పోలీసు, అంబులెన్సు, ఫైరింజను ఒకే తెర మీద ఉంటే ప్రమాదంలో ఉన్న పిల్ల దగ్గరికి బండి తొందరగా చేరుతుంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం ఈ బాధ్యత రాజ్యానిదే. స్వచ్ఛంద సంస్థ ఇవాళ ఉంటుంది, రేపు మూసుకుంటుంది, జిల్లా కార్యాలయం ఉంటుంది. ఇవన్నీ నిజాలే. అసలు ఈ మాటలన్నీ మొదట అన్నది చైల్డ్‌లైన్ వాళ్లే. పిల్లల రక్షణ దానధర్మం కాకూడదు, సర్కారు భుజాన వేసుకోవాలి అని ఇరవై ఏళ్ల పాటు సభల్లో చెప్పారు, చట్టాల్లో రాయించారు, నవంబరు వారోత్సవాల్లో పిల్లల చేత అధికారుల చేతులకి దోస్తీ బ్యాండ్లు కట్టించి మాట తీసుకున్నారు. అడిగింది అడిగినట్టే దొరికింది. అడిగినవాళ్లని బయట నిలబెట్టి మరీ ఇచ్చారు. పురాణాల్లో వరాలకి ఇలాంటి మెలికలు ఉంటాయి.

మొదటి నుంచీ జీతం సర్కారుది కావడం వల్ల ఎదురు మాట్లాడే బలం కూడా ఏ సంస్థకీ మిగల్లేదు. చందాలు పోగుచేసుకునే అలవాటు ఉన్నవి ఏవో కొన్ని షెల్టర్లతో నిలబడ్డాయి. నిధుల మీదే బతికినవి గదులు ఖాళీ చేశాయి. కార్యకర్తల్లో కొందరు కొత్త జిల్లా యూనిట్లలో కాంట్రాక్టు మీద చేరారు. చాలామందికి ఆ దారీ దొరకలేదు. గౌరవ వేతనం మీద చేసిన పనికి పెన్షన్ ఉండదు.

జెరూ బిలిమోరియా చాలాకాలం కిందటే వేరే పనులకి వెళ్లారు. 2003లో చైల్డ్ హెల్ప్‌లైన్ ఇంటర్నేషనల్ మొదలుపెట్టారు. ముంబై స్టేషన్లలో నేర్చిన పద్ధతిని ఎన్నో దేశాల్లో హెల్ప్‌లైన్ల వాళ్లు ఆ వేదిక ద్వారా పంచుకున్నారు.

కొత్త ఏర్పాటు పనిచెయ్యడం లేదని అనడానికి నా దగ్గర ఆధారం లేదు. చాలాచోట్ల చేస్తోంది. నా బెంగ ఒక్క చోటే. ఇంట్లోంచి పారిపోయిన పిల్లవాడికి ప్రపంచంలో అందరికన్నా భయం ఖాకీ అంటే. 112 అంటే పోలీసు నంబరని వాడికి తెలుసు. 1098 ఎత్తేది మహిళా శిశు సంక్షేమ శాఖ వాళ్లేననీ, అవసరమైతేనే 112కి పంపుతారనీ మార్గదర్శకాలు చెబుతాయి. వాడు మార్గదర్శకాలు చదవడు. రెండు నంబర్లూ ఒకటే అయ్యాయట అన్న మాట ప్లాట్‌ఫారం మీద వాడికంటే రెండేళ్లు పెద్దవాడు చెబుతాడు, వాడు ఫోన్ చెయ్యడం మానేస్తాడు. చెయ్యని ఫోన్లు ఏ తెర మీదా కనపడవు కాబట్టి నివేదికల్లో అంతా సవ్యంగానే ఉంటుంది.