బంట్: బాలల బేస్‌బాల్‌లో ఒక యుక్తి

బేస్‌బాల్‌లో బ్యాటును ఊపక, బంతికి అడ్డుపెట్టి సమీపంలోనే పడవేయడాన్ని ‘బంట్’ అంటారు. క్రికెట్‌లో బంతిని మెల్లగా తట్టి పరుగు తీయడం వంటిదే ఇది. ఫీల్డర్లు బంతికై ముందుకు రాగా, వెనుక బేసు ఖాళీ అయ్యే అవకాశమేర్పడుతుంది.

దీనికి చక్కని నిదర్శనం 2024 ఆగస్టు 25న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో జరిగిన లిటిల్ లీగ్ ప్రపంచ సిరీస్ తుదిపోరు. నియమిత ఆరు ఇన్నింగ్సులు ముగిసేసరికి ఫ్లోరిడాకు చెందిన లేక్ మేరీ, తైవాన్ జట్లు 1-1తో సమానంగా నిలిచాయి. ఎనిమిదవ ఇన్నింగ్సులో, రెండవ బేసుపై సహచరుడుండగా, లేక్ మేరీ బాలుడు బంట్ ఆడాడు. తైవాన్ బాలుడు బంతినందుకొని మొదటి బేసుకు విసిరాడు. అక్కడ పట్టేవారు లేరు. బంతి దొర్లిపోగా, రెండవ బేసుపైనున్న బాలుడు హోమ్ ప్లేటు చేరాడు. 2-1తో ఫ్లోరిడాకు ఈ పోటీలో తొలి టైటిల్ దక్కింది.

బంట్‌కు విరుగుడు ఒక్కటే: ఒకరు బంతికై కదిలితే, వారి స్థానాన్ని మరొకరు కాపాడాలి.