సంఘసేవలో మాట, వినికిడి: దళిత ఉద్యమ చరిత్ర చెప్పే పాఠాలు

సోషల్ వర్క్ కోర్సుల్లో కమ్యూనికేషన్ స్కిల్స్ అని ఒక పాఠం ఉంటుంది. ఎదుటి మనిషి కళ్ళలోకి చూడాలి, మధ్యలో అడ్డు తగలకూడదు, చెప్పింది మళ్ళీ చెప్పి సరిచూసుకోవాలి అని నేర్పుతారు. మంచి మాటలే. అయితే ఈ చదువు మన దగ్గరికి ఏ దారిన వచ్చిందో గుర్తుంచుకోవాలి. 1936లో బొంబాయిలో మొదలైన సర్ దొరాబ్జీ టాటా సోషల్ వర్క్ స్కూలుకి తొలి డైరెక్టరు క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అనే అమెరికన్. కేస్‌వర్క్, గ్రూప్‌వర్క్ వంటి పద్ధతులు అక్కడి నుంచి వచ్చినవే. వాటిలో సేవ చేసేవాడూ పొందేవాడూ ఉంటారు. వాళ్ళిద్దరి మధ్యా ఊరికీ వాడకీ ఉన్నంత దూరం ఉంటే ఏం చెయ్యాలన్నది ఆ పుస్తకాల్లో దొరకదు. దాన్ని మన ఉద్యమ చరిత్రలో వెతకాల్సిందే.

ఆ స్కూలు పుట్టడానికి ముప్ఫై ఏళ్ళ ముందే, 1906లో, హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ జగన్‌మిత్ర మండలి పెట్టారు. చదువు అందని జనానికి కరపత్రం పంచితే ఏం లాభం? అందుకని హరికథ ఎత్తుకున్నారు. జనానికి అప్పటికే అలవాటున్న కళ అది. రాత్రి పని నుంచి వచ్చి కూర్చుని వినగలిగేది. 1911లో అదే మాన్యసంఘం అయింది. నిజాం రాజ్యంలో సర్కారు భాష ఉర్దూ అయినా ఆయన దళిత పిల్లల కోసం నడిపిన బడులు తెలుగులో చదువు చెప్పాయి. 1930ల నాటికి ఆ బడులు 26, పిల్లలు సుమారు 2,500 మంది. ఇంటి భాషలో చెబితేనే బిడ్డ నోరు విప్పుతుందన్న ఎరుక అందులో ఉంది.

ఈ కృషికి ఒక హద్దు కూడా ఉంది. తాగుడు మానండి, పెళ్ళిళ్ళలో మాంసం మానండి అని వేదిక మీద నుంచి చెప్పడమే అందులో ఎక్కువ. చెప్పేవాళ్ళు పైన, వినేవాళ్ళు కింద. మన కార్యకర్తల్లో ఈ అలవాటు ఇంకా పోలేదు. వాడలోకి వెళ్ళి గంటసేపు ఉపన్యాసం ఇచ్చి, ఒక్క మాట కూడా వినకుండా తిరిగొచ్చే వాళ్ళు మనలో లేరా?

రెండో పాఠం పేరు గురించి. 1917 నవంబరు 4, 5, 6 తేదీల్లో విజయవాడలో పంచమ మహాసభ జరిగింది. అధ్యక్షత వహించిన భాగ్యరెడ్డివర్మ 'పంచమ' అన్న మాటనే కాదన్నారు. సభ పేరు ఆది ఆంధ్ర మహాసభగా మారింది. తర్వాత 1938లో బొంబాయి శాసనసభలో ఒక బిల్లులోకి 'హరిజన' అన్న పదం చేర్చబోతే అంబేడ్కర్ పక్షం సభ నుంచి బయటికి నడిచింది. ఎదుటివాళ్ళని ఏమని పిలవాలో వాళ్ళనే అడిగి తెలుసుకోవడం సంభాషణలో మొదటి మెట్టు. సర్వే ఫారంలో అచ్చయిన పేరు అందుకు చాలదు.

మూడోది, ఎవరితో ఏ భాషలో మాట్లాడాలన్నది. అంబేడ్కర్ 1919లో సౌత్‌బరో కమిటీ ముందు ఓటు హక్కు గురించి ఇంగ్లీషులో వాదించారు. ఏడాది తిరగ్గానే, 1920 జనవరి 31న, మరాఠీలో మూక్‌నాయక్ పత్రిక మొదలెట్టారు. దొరల ముందు దొరల భాష, మనవాళ్ళ ముందు మనవాళ్ళ భాష. చెప్పిన న్యాయం మాత్రం ఒక్కటే. ఈ రెండు భాషల మధ్య మాట చెడిపోకుండా మోసుకెళ్ళడమే ఇవాళ సోషల్ వర్కర్ పని.

ఆ పని ఎంత బరువైందో పోలీసు స్టేషన్లో తెలుస్తుంది. బాధితురాలు తనని ఏ మాట అని తిట్టారో ఉన్నదున్నట్టు చెబుతుంది. కాగితం మీద మాత్రం 'కులం పేరుతో దూషించినాడు' అని పడుతుంది. అసలు మాట పోయింది. ఎక్కడ, ఎవరి ముందు అన్నదీ పోయింది. రేపు కోర్టులో కేసు వీగిపోయేది సరిగ్గా అక్కడే. అందుకే 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో వచ్చిన నియమాలు, నోటితో చెప్పిన ఫిర్యాదుని రాసుకుని తిరిగి చదివి వినిపించాలన్నాయి. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ దాన్ని అధికారి చట్టబద్ధమైన విధుల్లో చేర్చింది. సంతకానికి ముందే చదివి వినిపించాలి, నకలు ఇవ్వాలి. వినడం అనేది చట్టంలోకి ఎక్కింది. ఈ సంగతి వాడలో ఎంతమందికి తెలుసు? చెప్పాల్సింది మనమే. పక్కన నిలబడి, చదివించి, తప్పుంటే దిద్దించి, ఆ తర్వాతే వేలిముద్రైనా సంతకమైనా పెట్టించాలి.

చుండూరు మనకి ఇంకో సంగతి చెబుతుంది. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితుల్ని చంపారు. ఏళ్ళ తరబడి పోరాడితే ప్రత్యేక కోర్టు ఆ ఊరికే వచ్చింది. సాక్షులు తమ ఊళ్ళో నిలబడి చెప్పారు. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. హత్యలు జరిగిన వేళ, చోటు, చేసిందెవరు అన్నవి సందేహానికి తావులేకుండా రుజువు కాలేదంది. తరుముతుంటే పొలాల్లో పడి పరుగెత్తిన మనిషిని అప్పుడు టైమెంత అని అడిగితే ఏం చెబుతాడు? వాళ్ళు చెప్పారు. ఊళ్ళో కూర్చున్న చెవికి అది సాక్ష్యమైంది, దూరాన ఉన్న చెవికి చాలలేదు.

కాబట్టి విద్యార్థులకీ కార్యకర్తలకీ మేం చెప్పేది ఇదే. దళితులకి మాట రాదని, మనం పోయి నేర్పాలని అనుకుంటే పని తలకిందులవుతుంది. వాళ్ళ మాట వాళ్ళకుంది. జరిగిన నాడే, వాళ్ళ మాటల్లోనే రాసుకోవడం, రాసింది వాళ్ళకి చదివి వినిపించడం, ఆఫీసు గుమ్మం దాటినా ఆ మాట మారకుండా కాపలా కాయడం మనం నేర్చుకోవాలి. మన సోషల్ వర్క్ తరగతుల్లో ఈ పాఠం చేరేదాకా అడుగుదాం.