99 ఏపీఓ

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం మా ఊరు. చుట్టుపక్కల అందరూ మిలిటరీ మాధవరం అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఇక్కడి మగవాళ్లు వెళ్లారు. ఆ సంగతి చాలామంది రాశారు. వాళ్ల ఇళ్లల్లో ఏం జరిగిందో రాసినవాళ్లు తక్కువ. ఈ ఊరి కోడలిని కనక ఆ వైపు నుంచి చెబుతాను.

మా మామగారు బర్మా యుద్ధానికి వెళ్లొచ్చారు. 1946లో ఇంటికి పంపేశారు. యుద్ధం కోసం చేర్చుకున్నవాళ్లకి పింఛను లేదు, కాస్త డబ్బు చేతిలో పెట్టారు. ఆయన తెచ్చుకున్నవి బర్మా స్టార్ పతకం, నల్ల ట్రంకుపెట్టె, చలిజ్వరం. పెట్టెలో అత్తగారు విత్తనం మినుములు పోసేవారు. జ్వరం వానాకాలంలో తిరగబెట్టేది. యుద్ధం గురించి ఎన్నడూ నోరువిప్పని మనిషి, ఆ జ్వరంలో ఎవరెవరినో పేరుపెట్టి పిలిచేవారు. వాళ్లెవరని అత్తగారు అడగలేదు. బొంతలు కప్పి తెల్లారేదాకా పక్కన కూర్చునేవారు.

మా ఆయన ఇంజినీరు దళంలో చేరారు. 1971 డిసెంబరులో తూర్పు పాకిస్తాన్ వైపు ఉన్నారని నాకు యుద్ధం అయ్యాకే తెలిసింది. ఉత్తరం మీద ఊరి పేరుండేది కాదు, 99 ఏపీఓ అని సైన్యం పోస్టాఫీసు నంబరు మాత్రం ఉండేది. రేడియో ఉన్నవాళ్ల అరుగు మీద ఆడవాళ్లమంతా చేరి ఢిల్లీ నుంచి వచ్చే తెలుగు వార్తలు వినేవాళ్లం. పోస్టుమాన్ మా వీధిలోకి మళ్లితే గుండె ఆగిపోయేది, టెలిగ్రాం తెచ్చేదీ ఆయనే. 16న ఢాకాలో పాక్ సైన్యం లొంగిపోయిందన్నారు. ఊరంతా సంబరం. ఆయన చేతి రాత చూసేదాకా నాకు అన్నం సహించలేదు.

పిల్లలకి తండ్రంటే ఏడాదికి రెండు నెలల సెలవు. పింఛను మీద ఇంటికొచ్చాక కూడా కొన్నాళ్లు ఆయన ముందు చుట్టాల ముందున్నట్టే మసిలారు. వాళ్లని దగ్గర చేసుకోవడానికి ఆయన పడ్డ తాపత్రయం నాకు తెలుసు. ఇప్పుడాయనకి చెవులు సరిగా వినపడవు. నవంబరులో బతికున్నట్టు సర్టిఫికెట్ ఇవ్వాలి. తాళ్లు లాగి, మట్టి పిసికి అరిగిన వేళ్లు, మిషన్ మీద ముద్ర పడదు. తుడిచి మళ్లీ పెట్టిస్తాను. ఆ పింఛనే మా ఇద్దరి మందులు.

మనవడు అగ్నివీర్‌గా వెళ్లాడు. నాలుగేళ్లయ్యాక నూటికి పాతికమందికి మించి ఉంచుకోరు. మిగతావాళ్లకి ఒక్క మొత్తం ఇచ్చి పంపుతారు, పింఛను లేదు. మామగారి రోజులు మళ్లీ వచ్చాయనిపించి దిగులేస్తుంది. వాడితో ఒక్కటే చెప్పాను: ఎక్కడున్నావో చెప్పకూడదంటే చెప్పకు నాన్నా, ఆదివారం ఫోను మాత్రం చెయ్యి.