లెర్న్, టీచ్, లై, లే: ఈ తికమక మనతో మొదలవ్వలేదు

పోస్టు కాస్త పొడుగే, ఓపిగ్గా చదవండి.

మొన్న క్లాసులో ఒక్కొక్కరినీ ఐదు నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడమన్నారు. అడ్డాకులతో విస్తరి కుట్టడం మా అమ్మమ్మ నాకు నేర్పింది అని చెప్పబోయి, 'మై గ్రాండ్‌మదర్ లెర్న్‌డ్ మీ' అన్నాను. వెనక బెంచీల్లో నవ్వులు. 'టాట్' అనాలట. తప్పే, ఒప్పుకుంటా. పరీక్షలో రాస్తే మార్కు పోతుంది. కానీ ఆ తప్పు ఎలా వచ్చిందో నాకు తెలుసు. తెలుగులో నేర్చు, నేర్పు అని ఒకే మాటకి రెండు రూపాలు. ఇంగ్లీషులో లెర్న్‌కీ టీచ్‌కీ అసలు పోలికే లేదు. ఎందుకు లేదు అని వెతుకుతూ పోతే వెయ్యేళ్లు వెనక్కి వెళ్లాల్సి వచ్చింది.

పాత ఇంగ్లీషులో మనకున్నట్టే జత ఉండేది. నేర్చుకోవడానికి లెయోర్నియన్, నేర్పడానికి లేరన్. రెండూ ఒకే వేరు నుంచి వచ్చినవి. జర్మన్‌లో ఆ జత ఇప్పటికీ బతికే ఉంది: లెర్నెన్, లేరెన్. టీచ్ అనేది వేరే మాట, దాని మొదటి అర్థం 'చూపించడం'. గుర్తు అనే అర్థమున్న టోకెన్ దానికి చుట్టం. కాలం గడిచేకొద్దీ లేరన్ వెనకబడిపోయింది. దాని పని కొంత టీచ్ తీసుకుంది, కొంత లెర్న్ తీసుకుంది. అంటే ఇంగ్లీషువాళ్లే కొన్ని వందల ఏళ్లు 'నాకు నేర్పాడు' అనడానికి లెర్న్ వాడారు. బాగా చదువుకున్న మనిషిని 'లెర్నెడ్' అంటాం కదా, అందులో దాగి ఉన్నది ఈ పాత అర్థమే.

షేక్స్‌పియర్ 'ది టెంపెస్ట్' అనే నాటకం రాశాడు. 1611లో రాజు ముందు ఆడారు. అందులో కాలిబన్ అని ఒకడు ఉంటాడు. ఆ దీవి తన తల్లి నుంచి తనకి వచ్చిందంటాడు. బయట నుంచి వచ్చిన ప్రాస్పెరో దీవిని చేతిలోకి తీసుకుని, కాలిబన్‌తో కట్టెలు మోయిస్తాడు. వాళ్ల భాష కూడా అతనికి నేర్పుతారు. నీకు భాష నేర్పాం కదా అని ఎత్తిపొడిస్తే అతను కోపంతో తిరగబడి జవాబిస్తాడు. ఆ జవాబులో టీచ్ వాడతాడు, వెంటనే అదే 'నేర్పడం' అనే అర్థంలో లెర్న్ కూడా వాడతాడు. అది కాలిబన్‌కి ఇంగ్లీషు రాక కాదు, ఆ రోజుల్లో అలా అనడం మామూలే. ఇది చదివాక నేను పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నా.

1755లో జాన్సన్ తన నిఘంటువులో లెర్న్‌కి 'నేర్పు' అనే అర్థం కూడా ఇచ్చి, ఇప్పుడిది వాడుకలో లేదని రాశాడు. పల్లెల్లో మాత్రం జనం ఆ తర్వాత కూడా అలాగే అన్నారు. పల్లెవాళ్లు అన్నారు కాబట్టే అది మోటు మాట అయిపోయిందని నా అనుమానం.

ఇక లై, లే. నిజమైన తలనొప్పి ఇదీ. తెలుగులో చెట్టు కూలుతుంది, మనం కూలుస్తాం. గుడిసె కాలుతుంది, ఎవడో కాలుస్తాడు. మనిషి లేస్తాడు, ఇంకొకరు లేపుతారు. పని తనంతట జరిగితే ఒక మాట, ఒకరు జరిపిస్తే దానికే చు, పు లాంటి తోక. ఇంగ్లీషు పూర్వీకుల భాషలోనూ సరిగ్గా ఇలాంటి తోక ఉండేది. 4వ శతాబ్దంలో బైబిల్ అనువాదం జరిగిన గోతిక్ భాషలో అది కనిపిస్తుంది: లిగన్ అంటే పడుకోవడం, లగ్యన్ అంటే పడుకోబెట్టడం, పెట్టడం. ఆ తోక వల్ల ముందున్న అచ్చు కొంచెం మారింది. తర్వాత తోక ఊడిపోయింది, మారిన అచ్చు మిగిలింది. ఫాల్ అంటే కూలు, ఫెల్ అంటే కూల్చు. సిట్, సెట్ అలాంటివే. డ్రింక్ జత ఏదో చెప్పుకోండి చూద్దాం. డ్రెంచ్! దాని పాత అర్థం 'తాగించు'. పశువు నోట్లో మందు పోయడాన్ని ఇప్పటికీ డ్రెంచ్ అనే అంటారు.

రైజ్, రెయిజ్ కథ వేరు. రైజ్ సొంత మాట, రెయిజ్ మాత్రం వైకింగులతో ఓడల్లో వచ్చిన మాట. రైజ్ అసలు జోడీ రియర్. అందుకే పిల్లల్ని పెంచడానికి రెండూ వాడతారు.

లై విషయంలో చిక్కు ఏంటంటే, పడుకున్నాడు అని గతంలో చెప్పాలంటే 'లే' అనాలి. పెట్టు అనడానికీ 'లే'యే. రెండూ ఒకే మాటలా ఉంటే ఎవరికి మాత్రం తికమక ఉండదు? సుమారు 1300 నుంచే ఇంగ్లీషువాళ్లు వీటిని కలిపేస్తున్నారు. 18వ శతాబ్దం రెండో సగం దాకా ఎవరూ పెద్దగా తప్పు పట్టలేదు. అప్పుడే వ్యాకరణ పుస్తకాల జోరు పెరిగింది, 1762లో రాబర్ట్ లౌత్ వేసిన పుస్తకం వాటిలో పేరున్నది. అలా రూలు వచ్చింది. వచ్చాక కూడా, బైరన్ అంతటి కవి 1818లో అచ్చయిన కవితలో లై ఉండాల్సిన చోట లే పెట్టేశాడు. ఆయన్ని ఏ వెనక బెంచీ నవ్విందో నాకు తెలీదు.

పరీక్ష కోసం నేను పెట్టుకున్న గుర్తు ఇది. 'దేన్ని?' అని అడగండి. కోడి పెట్టింది. దేన్ని? గుడ్డుని. కాబట్టి లే, గతంలో లెయిడ్. కుక్క అరుగు మీద పడుకుంది. దేన్ని? జవాబు లేదు. కాబట్టి లై, గతంలో లే. ఫాల్, ఫెల్‌కి కూడా ఇదే పనిచేస్తుంది.

బారో, లెండ్ కూడా హాస్టల్లో రోజూ తప్పేవే. 'బారో మీ ఎ పెన్' అనేవాళ్లం మనలో ఎంతమందో. బారో వెనకున్న పాత మాటకి అర్థం జామీను, తాకట్టు. జర్మన్‌లో దాని చుట్టం బోర్గెన్‌కి అప్పు ఇవ్వడం, అప్పు తీసుకోవడం రెండూ అర్థాలే. మన 'అప్పు' కూడా రెండు వైపులా నడుస్తుంది, ఇచ్చామా పుచ్చుకున్నామా అన్నది పక్క మాట చెప్తుంది.

ఇదంతా నేను తెలుగు పెట్టి పోల్చాను. ఇంట్లో కోయ, గోండి, కువి, సవర, కొలామి మాట్లాడేవాళ్లు ఈ గ్రూపులో ఉన్నారు. మీ భాషలో నేర్చుకోవడం, నేర్పడం ఒకే వేరు నుంచి వస్తాయా, వేరు వేరు మాటలా? కూలడం, కూల్చడం ఎలా అంటారు? ఇంట్లో పెద్దవాళ్లని అడిగి రాయండి.