మహమ్మారి కాలంలో మనసు: కొంత చరిత్ర, కొంత మన కథ

మన పల్లెల్లో కలరాను గత్తర అనేవారు. మశూచిని పేరు పెట్టి పిలవడానికి కూడా భయపడి అమ్మవారు పోసిందనేవారు. ఊరికి రోగం వచ్చిందంటే ఊరంతా ఒకచోట చేరేది. వేపమండలు, పసుపునీళ్లు, డప్పుల చప్పుడు, కుండలో నైవేద్యం. 1813లో జంటనగరాలను పట్టిన మహమ్మారి నాటి మొక్కుబడి నుంచే లష్కర్ బోనాలు పుట్టాయని పెద్దలు చెబుతారు. ఆ జాతరలు రోగాన్ని ఆపాయని వైద్యులుగా మేము అనలేము. గుంపు చేరినచోట అంటురోగం పెరుగుతుందే కాని తరగదు. కాని ఆ జాతరలు చేసిన మేలు మరొకటి ఉన్నది. ఒక్కొక్కరి గుండెలో ఉన్న భయాన్ని పదిమందిలోకి తెచ్చి పంచాయి.

2020లో దీనికి సరిగ్గా విరుద్ధంగా జరిగింది. పదిమంది చేరడమే ప్రమాదమైంది. ఆ యేటి ఆషాఢంలో బోనాలు సైతం జనం లేకుండా పూజారుల చేతుల మీదుగానే సాగాయి. భయం ఎవరిది వారి దగ్గరే ఉండిపోయింది. అలా మిగిలిన భయం ఎంతమందిని జబ్బు పడవేసింది, అది ఇంతకుముందు ఎన్నడూ లేనిదా అన్నవి ఈ వ్యాసంలో మేము తేల్చుకోదలచిన ప్రశ్నలు.

కొత్తది కాదని చరిత్ర చెబుతున్నది. 1889-90లో ఐరోపాను చుట్టిన ఇన్‌ఫ్లూయెంజా తరువాత జ్వరం తగ్గినా మనసు తేరుకోని రోగులను గురించి అక్కడి వైద్యులు రాసిపెట్టారు. 1918 నాటి ఇన్‌ఫ్లూయెంజా కాలంలో అమెరికాలోని బోస్టన్ మానసిక వైద్యశాలలో పనిచేసిన కార్ల్ మెనింజర్, ఆ జ్వరంతో పాటు మతి చలించిన నూరుమంది రోగుల వివరాలను 1919లో ప్రకటించాడు. నార్వే దేశపు మానసిక వైద్యశాలల పాత దస్తరాలను మామెలుండ్ అనే పరిశోధకుడు ఇటీవలి కాలంలో తిరగేశాడు. ఇన్‌ఫ్లూయెంజా కారణంగా మనోవ్యాధి వచ్చిందని మొదటిసారి చేరినవారి సంఖ్య, ఆ మహమ్మారి తరువాతి ఆరేళ్లలో ఏటా సగటున ఏడు రెట్లు పెరిగినట్లు తేలింది.

అదే 1918లో మన దేశంలో చనిపోయినవారు కోటికి పైనే. బొంబాయి రేవులో దిగిన జ్వరం రైలు పట్టాల వెంట దేశమంతా పాకింది. ఆనాటి మరణాల పట్టికలు ఉన్నాయి. దుఃఖానికి ఆ పట్టికల్లో గడి లేదు.

2003లో సార్స్ వచ్చినప్పుడు కెనడాలోని టొరంటో నగరంలో పదిహేను వేలమందికి పైగా ఇళ్లలో ఏకాంతవాసం చేయవలసి వచ్చింది. వారిలో 129 మందిని ప్రశ్నించగా నూటికి 31 మందిలో కుంగుబాటు లక్షణాలు, 29 మందిలో పీడకలలా వెంటాడే భీతి లక్షణాలు కనబడ్డాయి. ఏకాంతవాసం ఎన్ని రోజులు సాగితే లక్షణాలు అంత హెచ్చు. 129 మంది చిన్న సంఖ్యే, వారు తమంతట తామే జవాబిచ్చినవారు. అయినా 2020లో మాకు ముందుగా అందిన హెచ్చరికల్లో అది ఒకటి.

ఇక మనమున్న ఖతార్ సంగతి. ఇక్కడ మొదటి కోవిడ్ రోగి 2020 ఫిబ్రవరి 29న బయటపడ్డాడు. మార్చి 9 నుంచి భారతదేశం నుంచి రాకలు ఆగాయి. మార్చి 17న ఇండస్ట్రియల్ ఏరియాలో, అంటే మనవాళ్లు సనయ్య అని పిలిచే ప్రాంతంలో, 1వ నంబరు వీధి నుంచి 32వ నంబరు వీధి వరకు దారులు మూసివేశారు. మార్చి 22తో మన దేశం అంతర్జాతీయ విమానాలను ఆపివేసింది. అటు వెళ్లడానికీ లేదు, ఇటు రావడానికీ లేదు. వందే భారత్ విమానాలు మే 7న మొదలయ్యేదాకా, మొదలైన తరువాత కూడా చాలామందికి, ఊరు అన్నది ఫోను తెరలో కనబడే బొమ్మ మాత్రమే.

ఇక్కడొక విచిత్రం గమనించాలి. 2020 చివరికి ఖతార్‌లో లక్షా నలభై వేలకు పైగా కేసులు తేలినా, మరణాలు 250 దాటలేదు. ఇక్కడి జనాభాలో ఎక్కువమంది పనిచేసే వయసువారు కావడం అందుకు ముఖ్య కారణం. ప్రాణభయం ఒక్కటే మనసును దెబ్బతీసేదైతే ఖతార్‌లో మనోవ్యాధులు తక్కువగా ఉండాలి. అలా లేదు. ఏకాంతవాస కేంద్రాల్లో ఉన్న దాదాపు ఏడున్నర వందల మందిని ఆ రోజుల్లోనే ఇక్కడి వైద్యులు ప్రశ్నించారు. నూటికి 37 మందిలో కుంగుబాటు లక్షణాలు, 26 మందిలో ఆందోళన లక్షణాలు కనబడ్డాయి. టొరంటో లెక్కకు ఎంత దగ్గరగా ఉన్నదో చూడండి. దేశం వేరు, రోగం వేరు, పదిహేడేళ్ల ఎడం. మనిషి మాత్రం ఒకడే.

లక్షణం వేరు, వ్యాధి వేరు అని ఇక్కడే ఒక మాట చెప్పాలి. రెండు వారాలు నిద్ర పట్టని ప్రతి మనిషీ రోగి కాడు. వ్యాధి అని చెప్పదగినవాటిని మాత్రమే అంచనా కట్టిన లెక్క 2021లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. 2020లో ప్రపంచమంతటా తీవ్రమైన కుంగుబాటు దాదాపు 28 శాతం, ఆందోళన వ్యాధులు దాదాపు 26 శాతం పెరిగాయని దాని సారాంశం. ఆడవారిలోనూ యువతలోనూ పెరుగుదల ఎక్కువ. మన దేశంలో ఆత్మహత్యలు 2019లో 1,39,123 కాగా 2020లో 1,53,052. ఆ ఏడాది అలా పోయినవారిలో దాదాపు నాలుగో వంతు దినకూలీలు.

అంకెలకు అందనిదాన్ని గురించి ఒక మనిషి కథ చెబుతాము. పేరు అక్కరలేదు. జగిత్యాల వైపు మనిషి, తాపీమేస్త్రీ, నలభై దాటినవాడు. 2020 వేసవిలో మూడు వారాల్లో మూడుసార్లు మా దగ్గరకు వచ్చాడు. మొదటిసారి ఛాతీలో మంట అన్నాడు. గ్యాసు మాత్రలు ఇచ్చి పంపాము. రెండోసారి గుండె దడ అన్నాడు. ఈసీజీ తీసి, గుండె బాగానే ఉందని చెప్పి పంపాము. మూడోసారి ఏమీ చెప్పకుండా కూర్చున్నాడు. బయట ఇంకా ముప్పై మంది ఉన్నారు. ఏమనిపించిందో, "ఇంటికాడ అందరూ బాగున్నారా?" అని అడిగాము.

అప్పుడు చెప్పాడు. ఏప్రిల్‌లో తండ్రి పోయాడు. పెద్దకొడుకు తనే. కొరివి తమ్ముడు పెట్టాడు. ఇక్కడ తెల్లవారుజామున క్యాంపు గదిలో, పై మంచం మీద, దుప్పటి కప్పుకొని ఫోనులో చూశాడు. "ఏడిస్తె రూమంత లేస్తది సార్. ఏడ్వలే" అన్నాడు.

మంట, దడ, నిద్రలేమి, మూడూ ఒకే దుఃఖానికి మూడు పేర్లు. రెండుసార్లు మేము వినలేదు. తప్పు మాదే. ఏ సర్వే పట్టికలోనైనా అతనిని డిప్రెషన్ ఉన్నదా అని అడిగితే లేదనే చెప్పేవాడు. "పాణం మంచిగ లేదు", "ఏం తోస్తలేదు" అన్నవి అతని భాషలో ఉన్న మాటలు. పైగా మనసు జబ్బు అంటే పిచ్చి అంటారని, పిచ్చి అంటే పని పోతుందని, పని పోతే ఏజెంటుకు కట్టిన అప్పు మిగులుతుందని భయం. అందువల్ల నూటికి 37 అన్న అంకెను చూసినప్పుడు, మన కూలీల విషయంలో అది ఎక్కువ అనిపించదు, తక్కువేమో అనిపిస్తుంది.

అతనిని కొంతకాలం వారానికొకసారి పిలిపించుకొని మాట్లాడాము. మందుల కన్నా ఆ మాటలే ఎక్కువ పనిచేశాయని మా నమ్మకం. తండ్రి సంవత్సరీకానికి ఊరు వెళ్లి, తన చేతులతో పిండం పెట్టి వచ్చాడు. నిద్ర పడుతున్నదని చెప్పి వెళ్లాడు.

2020 ఏప్రిల్‌లో ఖతార్ ప్రభుత్వం మనసు బాధలకు ప్రత్యేకంగా టెలిఫోను సహాయం ఏర్పాటు చేసింది. మంచి పని. కాని ఆ ఫోను తీసుకొని తన బాధకు పేరు చెప్పగలిగినవాడికే అది అందుతుంది. చెప్పలేనివాడి దగ్గరకు మనమే వెళ్లాలి. వేపమండల కాలంలో ఊరు ఆ పని చేసింది. ఇక్కడ మనకు ఊరు లేదు, సంఘాలున్నాయి. ఉగాదికి, సంక్రాంతికి సభ పెట్టేటప్పుడు క్యాంపుల్లో ఉన్నవారినీ పిలుద్దాము. వచ్చినవారిని "పని ఎట్లా ఉంది?" అని అడిగి ఊరుకోకుండా "ఇంటికాడ బాగున్నారా?" అని కూడా అడుగుదాము. జవాబు వచ్చేదాకా కాసేపు ఆగుదాము. ఇది వైద్యులుగా, రెండుసార్లు ఆగనివారిగా, మా మనవి.