కొహిమా యుద్ధ శ్మశానవాటిక

నాగాలాండ్ రాజధాని కొహిమాలో, గారిసన్ హిల్ వాలున మెట్లుమెట్లుగా సాగే సైనిక శ్మశానవాటిక. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 ఏప్రిల్–జూన్ నెలల్లో, భారత్‌లోకి చొచ్చుకొచ్చిన జపాన్ సేనను బ్రిటిష్, భారతీయ దళాలు ఇక్కడే నిలువరించాయి. పోరు అత్యంత భీకరంగా సాగింది డిప్యూటీ కమిషనర్ చార్లెస్ పాసీ బంగళా టెన్నిస్ కోర్టు దగ్గర. కోర్టుకు ఆ చివరొకరు, ఈ చివరొకరు కందకాల్లో మాటువేసి గ్రెనేడ్లు విసురుకున్నారు. ఆ కోర్టు గీతలను నేటికీ కాంక్రీటుతో గుర్తుపెట్టి ఉంచారు. సందర్శకులు ముందుగా చూడవలసింది దీన్నే: ఇరుపక్షాలు ఎంత దగ్గరగా తలపడ్డాయో ఏ పటం చూసినా ఇంత స్పష్టంగా తెలియదు.

ఇక్కడ 1,420 కామన్వెల్త్ సమాధులున్నాయి. దహనం చేసిన హిందూ, సిక్కు సైనికులు 917 మంది పేర్లు పై భాగంలోని స్మారకంపై ఉన్నాయి. చాలామంది అంత పైకి ఎక్కకుండానే వెనుదిరుగుతారు. అది తగదు, ఆ పేర్లూ చదవాలి. బ్రిటిష్ రెండో డివిజన్ స్మారకం నాగాలు నిలిపే నిలువురాళ్లను పోలిన పెద్ద శిల. నిర్వహణ కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘానిది.

దిమాపూర్ నుంచి రోడ్డు మార్గం ఉంది. నాగాలాండ్‌లో ప్రవేశించడానికి ఇతర రాష్ట్రాల వారికి ఇన్నర్ లైన్ పర్మిట్ తప్పనిసరి. సమీపంలోని కిసామాలో యుద్ధ మ్యూజియం ఉంది.